మూసిన బుట్ట బేరం

రైతుబజారుకు వెళ్ళారనుకోండి. వంకాయలవాడు బుట్టమీద గోనెపట్టా కప్పుకుని కూచున్నాడు. "కిలో ఎంతోయ్?" అని అడిగారు మీరు. "కిలో లెక్క లేదమ్మా. నూరు రూపాయలిచ్చి పట్టా కింద చెయ్యి పెట్టండి. చేతికేది తగిలితే అది మీది. అడుగున ఎక్కడో ఒక బంగారు వంకాయ కూడా ఉంది" అన్నాడు వాడు. ఏం చేస్తారు?

నేనైతే, "నీ బంగారం నువ్వే దాచుకో నాయనా" అని పక్క కొట్టుకి నడుస్తాను. మీరూ అంతే. తొడిమ చూసి, పుచ్చు చూసి, వేలితో నొక్కి చూసి, ఆపైన నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేయించుకుని గానీ సంచీ మూతి తెరవని జాతి మనది. మనల్ని మోసం చెయ్యడం బ్రహ్మతరం కాదని మనకో నమ్మకం.

ఆ బుట్టనే అరచేతిలో పట్టే అద్దంలోకి ఎక్కించి, దానికి రంగులద్ది, సంగీతం పెట్టి, "ఇది ఆట" అని పేరుపెట్టి ఇస్తే మాత్రం ఈ నమ్మకం ఏ గంగలో కలుస్తోందో తెలియదు. పెద్దా చిన్నా, ఆడా మగా, చదువుకున్నవాళ్ళు, చదువు చెప్పేవాళ్ళు, అందరూ చెయ్యి పెడుతున్నారు. ఇవాళ నా పోట్లాట ఆ బుట్టతోనే.

ముందుగా ఓ మాట. నేను ఆటలకు విరోధిని కాను. అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడి పెరిగినదాన్ని. వైకుంఠపాళిలో పెద్దపాము నోట్లో పడి ఏడ్చినదాన్ని. ఫోను ముట్టుకుంటే పాపమనే మడీ లేదు నాకు. ఈ ఆట సంగతి కూడా విని మాట్లాడటం లేదు, స్వయంగా ఆడి మాట్లాడుతున్నాను.

కిందటేడు అమ్మాయి పురిటికని మేమిద్దరం జపాను వెళ్ళాం. వాళ్ళుండేది టోక్యోలో నిషి కసాయ్ అనేచోట. పేరు వినగానే మావారు, "కసాయా? అక్కడికెందుకే పోవడం?" అన్నారు. తీరా చూస్తే అది మనవాళ్ళ ఊరిలాగే ఉంది. మనదేశంవాళ్ళ కుటుంబాలు బోలెడు. చింతపండు దొరుకుతుంది, మినప్పప్పు దొరుకుతుంది. అల్లుడుగారు పొద్దున్నే తోజాయ్ లైను రైల్లో నుంచుని ఆఫీసుకి వెళ్తారు. ఆ రైల్లో చెయ్యి కదపడానికి చోటుండదట. బొటనవేలు కదపడానికి ఉంటుందట! ఆ వేలితో ఆయన ఆడుకునే ఆట పేరు పజిల్ అండ్ డ్రాగన్స్. జపానువాళ్ళు ముద్దుగా 'పజుదొరా' అంటారు. గన్‌హో అనే కంపెనీ 2012 ఫిబ్రవరిలో విడుదల చేసింది. పదేళ్ళు దాటినా ఆడేవాళ్ళు ఆడుతూనే ఉన్నారు.

మా మనవడికి తొమ్మిదేళ్ళు. ఆదివారం వాళ్ళ నాన్న ఫోను పుచ్చుకుని నా పక్కన చేరాడు. "అమ్మమ్మా, నీకు నేర్పిస్తా చూడు" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆట చక్కగా ఉంది. అడ్డం ఆరు, నిలువు ఐదు, మొత్తం ముప్ఫై గోళీలు. నిప్పు, నీరు, చెట్టు, వెలుగు, చీకటి అని ఐదు రంగులు, అవిగాక ప్రాణం నిలబెట్టే గుండె గుర్తు ఒకటి. ఒక గోళీని వేలితో పట్టుకుని పలకంతా తిప్పవచ్చు. అది వెళ్ళేదారిలో ఉన్నవన్నీ చోట్లు మారతాయి. కొద్ది సెకన్లే వ్యవధి. వేలు తీసేసరికి ఒకే రంగువి మూడు వరసన నిలిస్తే మాయమవుతాయి, మన బలగంలో ఆ రంగు ప్రాణి ఎదుటి రాక్షసి మీద దెబ్బ వేస్తుంది. ఎన్ని వరసలు ఒక్క ఊపులో కలిపితే దెబ్బ అంత గట్టిది. బలగంలో మనవి ఐదు ప్రాణులు, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్నది ఒకటి. వాటిని మేపి, పెంచి, పెద్ద చెయ్యాలి. ముగ్గులో చుక్క తప్పకుండా చెయ్యి తిప్పే అలవాటున్న ఆడవాళ్ళకి ఈ గోళీల తిప్పుడు ఇట్టే పట్టుబడుతుంది. నాలుగో రోజుకి నేను ఐదు వరసలు కలిపాను. మా మనవడు గంతులేశాడు. నాకూ లోపల గర్వంగానే ఉంది, దాచుకోవడం దేనికి!

ఇంతవరకూ నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇది బుద్ధికీ చేతికీ పని. కట్టినవాళ్ళు తెలివైనవాళ్ళు. వాళ్ళ తెలివికి వెల కట్టి, "ఈ ఆట ఖరీదు ఇంత" అని అడిగితే నేనే మావారి జేబులోంచి తీసి ఇప్పించేదాన్ని.

వాళ్ళు అలా అడగరు. ఆట ఉచితం!

ఉచితమనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పెళ్ళిచూపులకొచ్చి "మాకేమీ వద్దండీ" అన్నవాళ్ళని చూసిన ప్రాణం కదా. మనవడు ఇంకో గది తెరిచి చూపించాడు. అక్కడ డ్రాగన్ ఆకారంలో ఓ యంత్రం. దాన్ని ఆడిస్తే గుడ్డు పడుతుంది. గుడ్డు పగిలితే అందులోంచి ఒక ప్రాణి వస్తుంది. ఏ ప్రాణి అన్నది మన చేతిలో లేదు. బలమైనవి అరుదుగా, పనికిమాలినవి తరచుగా వస్తాయి. మంచి గుడ్డు కావాలంటే మామూలుగా ఐదు 'మాయారాళ్ళు' చెల్లించాలి. రాళ్ళు ఆటలో అప్పుడప్పుడు ఊరికే ఇస్తారు. చాలకపోతే కొనుక్కోవచ్చు. విడిగా ఒక్కటి కొంటే నూరు యెన్లకు పైమాటే.

ఆ గుడ్లలో వచ్చే దేవతల జాబితా చూపించి వాడు, "అమ్మమ్మా, లక్ష్మీదేవి కూడా ఉంది!" అన్నాడు. ఉంది. నీటిరంగు లక్ష్మి. పార్వతి ఉంది, శివుడున్నాడు, ఇంద్రుడున్నాడు. మన దేవుళ్ళని ఆటలో పెట్టారని నేను గుండెలు బాదుకోను. క్యాలెండరు మీదా, అగరొత్తుల పెట్టెమీదా, బియ్యపు బస్తామీదా ఉన్న తల్లి ఇక్కడుంటే వచ్చే నష్టమేమిటి? నా బాధ వేరు. శ్రావణ శుక్రవారం పూట పిండివంటలు చేసి పిలిస్తే పలికే తల్లిని గుడ్డులో పెట్టి లాటరీకెక్కించారే అని. లక్ష్మి కోసం చేతిలోని లక్ష్మిని పోగొట్టుకోవడం! ఇంతకంటే వెక్కిరింత ఉంటుందా?

జపానులో ఈ పద్ధతిని 'గాచా' అంటారు. దుకాణాల ముందు వరసగా పిల్లల బొమ్మల యంత్రాలుంటాయి. నాణెం వేసి మర తిప్పితే 'గాచా గాచా' మంటుంది, ప్లాస్టిక్ బుడ్డిలో బొమ్మ 'పోన్' మని పడుతుంది. అందుకే వాటిని గాచాపోన్ అంటారు. 1960లలో అమెరికా నుంచి వచ్చిన యంత్రాలట. అదీ మూసిన బుట్టే. అయినా దానికో హద్దుంది. యంత్రంలో ఉన్నవి లెక్కకు ఇన్ని, అవి అయిపోతే ఖాళీ. జేబులో చిల్లర అయిపోతే తిప్పడమూ ఆఖరే. ఇష్టంలేని బొమ్మ వచ్చినా చేతిలో బొమ్మంటూ ఒకటి మిగులుతుంది, పక్కింటి పిల్లకి ఇవ్వవచ్చు. ఫోనులో యంత్రానికి అడుగులేదు. దాన్ని ఖాళీ చెయ్యడం ఎవరివల్లా కాదు. చిల్లరతో పనిలేదు, డబ్బు బ్యాంకులోంచి చప్పుడు లేకుండా పోతుంది. వచ్చినదాన్ని ఎవరికీ ఇవ్వలేం, పాత ఇనపసామాన్లవాడు కూడా కొనడు.

డబ్బు నేరుగా అడగకుండా మధ్యలో రాళ్ళెందుకు? జూదశాలల్లో నోట్లు పుచ్చుకుని బిళ్ళలెందుకిస్తారో అందుకే. ఐదువందల నోటు తియ్యడానికి వణికే చెయ్యి ఐదు రాళ్ళు తియ్యడానికి వణకదు. అందులో రెండు ఊరికే వచ్చినవీ, మూడు కొన్నవీ అయితే ఇక ఆ గుడ్డు ఖరీదెంతో ఏ గృహిణి పద్దులోకీ ఎక్కదు.

మావారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఈ గుడ్ల కథ వినగానే కాగితం, పెన్సిలు తెచ్చుకున్నారు. "నూటికి ఒక గుడ్డులో లక్ష్మి వస్తుందనుకో. నూరుసార్లు లాగితే తప్పకుండా వస్తుందా?" అన్నారు.

"రాక ఛస్తుందా?" అన్నాను.

"రాకపోవచ్చు. నూరుమంది మనుషులు ఒక్కొక్కరూ నూరేసిసార్లు లాగితే, వాళ్ళలో సుమారు 37 మంది ఉత్త చేతులతో లేస్తారు" అని లెక్క కట్టి చూపించారు. పైగా తొంభైతొమ్మిదిసార్లు రాలేదు కదా అని నూరోసారికి అవకాశం పెరగదట. అప్పుడూ నూటికి ఒకటే. యంత్రానికి జ్ఞాపకం లేదు, జాలీ లేదు. 'ఇన్నిసార్లయింది, ఇంకొక్కసారికి వచ్చితీరుతుంది' అనుకునేది మన మనసు. ఆ వెర్రి మనసు మీదే ఈ వ్యాపారమంతా.

ఇంకో లెక్క చెప్పారు. బొమ్మలకొలువుకి దశావతారాల బొమ్మలు కావాలి. కొట్టువాడు ఏ బొమ్మో చూపించకుండా పొట్లం కట్టి ఇస్తాడు. పది బొమ్మలూ సమానంగానే వచ్చే వీలుందనుకుందాం. పదీ కూడాలంటే ఎన్ని పొట్లాలు కొనాలి? నేను పదిహేను అన్నాను. సగటున 29! మొదటి నాలుగైదు అవతారాలు చకచకా వచ్చేస్తాయి. ఆ తర్వాత వచ్చిన మత్స్యమే వస్తుంది, వచ్చిన కూర్మమే వస్తుంది. చిట్టచివరి కల్కి ఒక్కడికోసమే సగటున పది పొట్లాలు విప్పాలి. తొమ్మిది బొమ్మలు పేర్చి ఒక్క చోటు ఖాళీ ఉంచి ఏ ఇల్లాలు నిద్రపోగలదు చెప్పండి!

ఇది ఊహకు చెప్పిన కథ కాదు. సరిగ్గా ఇలాంటి పద్ధతే జపాను ఫోను ఆటల్లో ఉండేది. గుడ్లలోంచి ఫలానా ఫలానా వస్తువులన్నీ జత కూడితే ఓ అపురూపమైన బహుమతి ఇస్తాననేవారు. దాన్ని 'కొంపు గాచా' అనేవారు. కొంప ముంచే గాచా అని మనం అర్థం చెప్పుకోవచ్చు! 2012 మే నెలలో అక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. ఏ చట్టం ప్రకారమో విన్నారంటే ఆశ్చర్యపోతారు. ఫోనుల కోసం రాసింది కాదది. బొమ్మకార్డులు జత కూడిస్తే బహుమానమంటూ పిల్లలకి సరుకు అంటగట్టే పద్ధతిని ఆపే నిబంధన, 1977 నాటి ప్రకటనలోది! మన పిల్లలు కూడా ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెట్ బొమ్మలకోసం ఎగబడలేదూ? ఆ పాత నిబంధననే దుమ్ముదులిపి కొత్త మోసానికి తగిలించారు. మోసం పాతదైతే మందు కూడా పాతదే సరిపోతుందన్నమాట.

ఆపిందల్లా జత కూడించే పద్ధతినే. గుడ్డు లాగే పద్ధతి అలాగే ఉంది. ఉండి ఏం చేసిందో కూడా చూడండి. 2013లో గన్‌హో కంపెనీ అమ్మకాలు 16 వేల కోట్ల యెన్లు దాటాయి. అంతకు ముందటేడుకి ఆరు రెట్లు. అందులో సింహభాగం ఈ ఒక్క 'ఉచిత' ఆటదే. 2017లో అదే ప్రభుత్వ సంస్థ ఈ ఆటలోని ఒక గాచా ప్రకటనను తప్పుపట్టింది. అందులో వచ్చే పాత్రలన్నిటికీ గొప్ప రూపాంతరం ఉంటుందన్నట్టు చాటి, నిజానికి కొన్నిటికే ఇచ్చారని తేల్చి, మరుసటేడు 5 కోట్ల యెన్లకు పైచిలుకు కట్టించింది. బుట్ట ఎలాగూ మూసే ఉంది, దాని మీది చీటీ కూడా సరిగ్గా రాయలేదన్నమాట!

అల్లుడుగారు మర్యాదస్తులు. నా ఉపన్యాసమంతా విని మెల్లిగా, "అత్తయ్యగారూ, ఎనిమిదేళ్ళుగా ఆడుతున్నాను. ఒక్క యెన్ కూడా పెట్టలేదు. ఇష్టమైనవాళ్ళు పెడతారు. ఎవరూ బలవంతపెట్టరు కదండీ?" అన్నారు.

"బాగుంది బాబూ. మీరు పెట్టలేదు. మీలాంటి లక్షలమంది పెట్టలేదు. మరి ఆ వేలకోట్లు ఎవరు పెట్టారు?"

ఆయన నవ్వేశారు. జవాబు ఆయనకీ తెలుసు. ఈ ఆటల్లో ఎక్కువమంది పైసా ఇవ్వరు. కొద్దిమంది మితిమీరి ఇస్తారు. ఆ కొద్దిమందికీ ఈ వ్యాపారంలో ఓ ముద్దుపేరుంది, 'తిమింగలాలు' అని. తిమింగలాలనగానే కోటీశ్వరులని అనుకుంటాం. ఆ మాట వినగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే నాకొక తిమింగలం తెలుసు. మనిషి నలభైఐదు కిలోలుండదు.

నాకు చెల్లెలి వరస. పేరు చెప్పను. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయారు, భర్తకి ఉద్యోగం పొరుగూళ్ళో. పదిగంటలకి వంటిల్లు కడుక్కుని మంచమెక్కితే నిద్రరాదు. ఫోనులో రంగులు కలిపే ఆట ఒకటి మొదలుపెట్టింది. ఈ జపాను ఆట కాదు, మరోటి. దాని పేరు మనకనవసరం. అందులోనూ పజిలుంది, పాత్రలున్నాయి, మూసిన పెట్టెలున్నాయి. ఎనిమిది నెలల్లో, ఒకసారి తొంభై రూపాయలు, ఒకసారి నాలుగువందలు, ఒకసారి తొమ్మిదివందలు చొప్పున అరవైరెండువేలు పోశానంది. చీటీ పాడి ఎత్తుకున్న డబ్బు. కూతురి పురిటికని పోపులడబ్బాలో దాచే దగ్గర్నుంచి బ్యాంకుదాకా జాగ్రత్తగా పోగేసుకున్నది.

నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "నీకు బుద్ధుందా? చిన్నపిల్లవా? పేకాటరాయుళ్ళకీ నీకూ తేడా ఏమిటే?" అని దులిపేశాను. అది తలవంచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు మా గుమ్మం తొక్కలేదు.

నిషి కసాయ్‌లో ఆ డ్రాగన్ యంత్రం ముందు కూచున్నాక నాకు బుద్ధొచ్చింది. ఊరికే వచ్చిన రాళ్ళతో మూడు గుడ్లు లాగాను. మూడింటిలోనూ పనికొచ్చేది రాలేదు. నాలుగోదానికి రాళ్ళు లేవు. 'ఇంకొక్కటి' అని నా వేలు, అరవైఏళ్ళ వేలు, మనవడి ఎదుట, తనంతట తాను ముందుకి వెళ్ళింది. అది నా సొంత డబ్బు కాదన్న జ్ఞానం ఆఖరి క్షణంలో వచ్చింది గనక సరిపోయింది. పగలు, పదిమంది మధ్య, నవ్వుతూ ఆడుతున్న నాకే అలా అయితే, రాత్రి పదకొండింటికి ఒంటరిగా ఉన్న మనిషికి ఎలా ఉంటుంది? ఆ వేళకి ఆవిడకి "శభాష్, గెలిచావు" అన్నది ప్రపంచంలో ఆ ఒక్క ఫోనే.

కనక అయ్యా, "ఎవరు బలవంతపెట్టారు" అని అడిగే పెద్దమనుషులారా, బలవంతమంటే మెడమీద కత్తి పెట్టడమొక్కటే కాదు. ముందు ఊరికే ఇచ్చి చెయ్యి అలవాటు చెయ్యడం, ఆట చక్కగా సాగుతున్నచోట హఠాత్తుగా కొరుకుడుపడని రాక్షసిని నిలబెట్టడం, చచ్చిపోయిన చోటనే ఒక్క రాయి ఇస్తే బతికిస్తానని బేరం పెట్టడం, 'ఈ రాత్రి పన్నెండుతో సరి' అని గడువు చూపించి తరమడం... ఇవన్నీ కూచుని ఆలోచించి చేసిన పనులు. మనిషి తెలివితేటలతో కట్టిన పలక ఒకటి, మనిషి బలహీనత మీద కట్టిన యంత్రం ఒకటి. మొదటిదాన్ని ఎరగా గుచ్చి రెండోదానికి జనాన్ని పడుతున్నారు. నా కోపం అదీ.

"సినిమాకి పెట్టడం లేదా, చీరకి పెట్టడం లేదా, ఆనందం కోసమేగా?" అంటారు ఇంకొందరు. నిజమే, పెడతాం. సినిమా టికెట్టు మీద ధర ఉంటుంది. నూరు టికెట్లు కొంటే ఒకదాంట్లో సినిమా ఉంటుందని ఎవరూ అనరు. చీర కొట్టులో మడత విప్పి, కొంగు పరిచి, వెలుతురులోకి పట్టుకెళ్ళి మరీ చూపిస్తారు. ధర తెలిసి కొంటే ఖర్చు. ధర ఎంతవుతుందో అమ్మేవాడికి తప్ప కొనేవాళ్ళకి తెలియకపోతే అది పందెం. ఈ చిన్న తేడా రైతుబజారులో మనందరికీ తెలుసు.

"అసలు ఆడవాళ్ళకీ పిల్లలకీ ఫోనులిస్తే ఇంతే, లాక్కుంటే సరి" అనే మూడోరకం వారున్నారు. వీళ్ళతోనే నాకు పెద్ద పేచీ. సందులో గోతిని వదిలేసి, పడినవాళ్ళకి నడక రాదంటారు. ఈ మాట భయానికే మా చెల్లెలు భర్తకి ఇప్పటికీ చెప్పలేదు. ఆ మౌనమే ఆ వ్యాపారానికి పెట్టుబడి. పోగొట్టుకున్నవాళ్ళు సిగ్గుపడి నోరు మూసుకున్నంతకాలం, పుచ్చుకున్నవాళ్ళకి సిగ్గుపడాల్సిన పనిలేదు.

మనదేశం సంగతి చూద్దాం. ఆన్‌లైన్ పేకాట కొంపలు కూలుస్తోందని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధాలు తెచ్చాయి. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆటలను కాదంటూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. ఈ గుడ్ల యంత్రం మాత్రం ఆ మాటల సందులోంచి జారిపోవాలని చూస్తుంది. ఇందులో డబ్బు కట్టడమే గానీ తిరిగి గెలిచే ప్రసక్తి లేదు, వచ్చేది బొమ్మ, అందుకని ఇది జూదం కాదని దాని తరఫు వాదన. ఎంత చక్కని వాదనో చూడండి! పాచికలాటలో ధర్మరాజుకి రాజ్యం తిరిగొచ్చే ఆశైనా ఉంది. ఇక్కడ ఆ ఆశ కూడా లేదు గనక ఇది పేకాటకంటే పవిత్రమట!

అందరూ ఈ వాదనకి తల ఊపలేదు. బెల్జియంలో జూదాల మీద అధికారం ఉన్న సంఘం 2018లో కొన్ని పేరున్న ఆటల్లోని డబ్బుపెట్టెలు జూదమేనని చెప్పింది. ఏపిల్ కంపెనీ తన దుకాణంలో అమ్మే ఆటలు ఏ వస్తువు ఎంత అరుదో ముందే చెప్పాలని 2017లో షరతు పెట్టింది. చెబుతున్నారు కూడా. ఎక్కడో లోపలి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. నూటికి ఒకటి అంటే ఏమిటో లెక్కల మాస్టారి పెళ్ళాన్నయిన నాకే తెలియలేదు, అర్ధరాత్రి నిద్రకళ్ళవాళ్ళకి తెలుస్తుందా?

కనక నేను కోరేవి మూడే మూడు.

ఒకటి, రాళ్ళూ రప్పలూ వద్దు. మీట మీదనే రూపాయల్లో ధర రాయండి. ఈ నెలలో ఇప్పటికి ఎంత పోశామో కూడా పక్కనే రాయండి. పాలవాడి కార్డు మీద ఉంటుంది కదా, అలాగ.

రెండు, మూసిన పెట్టెకి హద్దు పెట్టండి. జపానులోనే కొన్ని ఆటల్లో 'తెంజో' అనే ఏర్పాటుంది. తెంజో అంటే ఇంటి లోకప్పు. ఇన్నిసార్లు లాగినా రాకపోతే అడిగిన పాత్రని ఖాయంగా ఇచ్చేస్తారు. అంటే ఆ బొమ్మ అసలు ఖరీదు అదన్నమాట. ఆ ఖరీదేదో మొదటే చెప్పి అమ్మితే పోలా? కొనేవాళ్ళు కొంటారు, "అమ్మో" అనేవాళ్ళు అంటారు.

మూడు, పిల్లల చేతికి ఈ యంత్రం అసలు అందకూడదు. వయసెంత అని అడిగి, చెప్పింది నమ్మేస్తే చాలదు. తొమ్మిదేళ్ళవాడు పందొమ్మిది అని చెబుతాడు. మా చిన్నప్పుడు మేం బస్సులో అరటికెట్టు కోసం తక్కువ చెప్పేవాళ్ళం, అంతే తేడా.

ఆట కట్టినవాళ్ళు కూడా బతకాలి, కాదనను. గోళీల పలకని అమ్ముకోండి, కొత్త కొత్త కథలు అమ్ముకోండి, నెలకింతని చందా పుచ్చుకోండి. నేనే మొదటి చందాదారుని. ఆరు వరసలు కలపడం ఇంకా నాకు రాలేదు మరి!

తిరిగొచ్చిన వారంలోనే మా చెల్లెలింటికి వెళ్ళాను. "నిన్ను అనవసరంగా అన్నానే, తప్పు నాది" అన్నాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాఫీ కలిపి తెచ్చి, "ఎవరికీ చెప్పవు కదూ అక్కయ్యా?" అంది.

"నీ పేరు చెప్పను. సంగతి మాత్రం చెప్తాను" అన్నాను. చెప్పాను.

ఇక మీ వంతు. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఆ బుట్టలో చెయ్యి పెట్టే ఉంటారు. మీరే కావచ్చు. అయితే తలవంచుకోకండి. చెయ్యి బయటికి తీసి, గట్టిగా, బజారంతా వినేలా, రోజూ వంకాయలవాడిని అడిగే ఆ ఒక్క ప్రశ్నే అడగండి.

"పట్టా తియ్యవయ్యా. కిలో ఎంత?"